ప్రేక్షకుణ్ణి ఎవరి పక్కన కూర్చోబెడతాం?

(హైదరాబాద్‌లో స్క్రీన్‌ప్లే నేర్చుకుంటున్న యువతీ యువకుల ముందు ఒక సినీ రచయిత చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ఫిల్మ్‌నగర్‌లో ఏ కథా చర్చలో కూర్చున్నా ఈ మధ్య ఒక మాట తప్పకుండా వినబడుతోంది. “పాత సైన్స్ ఫిక్షన్ హిట్టు ఒకటి పట్టుకుందాం. అప్పట్లో గ్రాఫిక్స్ లేవు, ఇప్పుడున్నాయి. కథ అదే ఉంచి కొత్తగా చూపిద్దాం.” వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ లెక్కతో మొదలైన రీబూట్లు, అంటే పాత కథను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే సినిమాలు, ఎందుకు ఆగిపోతున్నాయో, కొన్ని మాత్రం ఎందుకు పదేళ్ళు దాటినా నడుస్తున్నాయో ఈ రోజు మీతో మాట్లాడాలి. దీనికి ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. అదే కథను పదేళ్ళ తేడాతో రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టారు. ఒకటి ఒక్క సినిమాతో ఆగింది. ఇంకోటి నాలుగో సినిమా దాకా వచ్చింది.

మొదటి సినిమా 1968లో వచ్చింది. ఫ్రెంచ్ రచయిత పియర్ బూల్ 1963 నవల దానికి ఆధారం. నవలలో వానరాలకు కార్లుంటాయి, ఆధునిక నగరాలుంటాయి. అంత సెట్ వేయడానికి డబ్బు చాలక సినిమాలో దాన్ని రాతి ఇళ్ళ పల్లెగా మార్చారు. కథ మీకు తెలిసే ఉంటుంది. టేలర్ అనే వ్యోమగామి నౌక ఏదో గ్రహం మీద కూలిపోతుంది. అక్కడ రాజ్యం వానరాలది. మనుషులు మాట రాని జంతువులు. వాళ్ళను వానరాలు గుర్రాలెక్కి వేటాడుతుంటాయి. ఆ వేటలో టేలర్ గొంతుకు దెబ్బ తగిలి మాట పోతుంది. రచయితలుగా మీరు ఇక్కడ ఆగి చూడండి. చార్ల్‌టన్ హెస్టన్ అంతటి స్టార్‌ని పెట్టుకుని, చాలాసేపు ఆయనకు డైలాగ్ లేకుండా చేశారు. బోనులో పడి ఉంటాడు, చెప్పాలనుకున్నది చెప్పలేడు. చివరికి పారిపోతూ వలలో చిక్కినప్పుడు గొంతు పెగులుతుంది. తన మీద పడ్డ వానరాన్ని, నీ కంపు చేతులు తియ్ అని తిడతాడు. గుంపంతా కొయ్యబారిపోతుంది. మనిషి మాట్లాడాడు!

చివర్లో సముద్రపు ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ కనబడుతుంది. ఇదేదో వేరే గ్రహమని మనం ఇన్నాళ్ళూ అనుకున్నది మన భూమేనని అప్పుడు తెలుస్తుంది. అణ్వాయుధాల భయం నెత్తిన ఉన్న కాలం అది. ఆ ఏడాదే నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. మనిషి అనిపించుకునే హక్కు ఎవరిది అన్న గొడవ వీధుల్లో నడుస్తుంటే, తెల్లవాడైన హీరోని బోనులో పెట్టి, నువ్వు మనిషివని నిరూపించుకో అన్నారు. ఆ సినిమా బలమంతా అందులో ఉంది. జాన్ ఛాంబర్స్ చేసిన వానరాల మేకప్‌కి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. అప్పటికి ఆస్కార్‌లో మేకప్‌కంటూ ఒక విభాగమే లేదు. 1973 కల్లా మొత్తం ఐదు సినిమాలు వచ్చాయి.

2001లో టిమ్ బర్టన్ దాన్ని మళ్ళీ తీశారు. మేకప్ రిక్ బేకర్ చేశారు. నా దృష్టిలో ఆ ముఖాలు 1968 ముఖాలకంటే గొప్పవి. కనుబొమలు కదులుతాయి, పెదాలు వణుకుతాయి. సుమారు 10 కోట్ల డాలర్లు పెడితే ప్రపంచమంతా కలిపి 36 కోట్లు వచ్చాయి. అంటే డబ్బు పోలేదు. అయినా రెండో భాగం రాలేదు. ఎందుకు రాలేదంటే, హీరో మళ్ళీ వ్యోమగామి. మళ్ళీ నౌక కూలడం, మళ్ళీ బోను, మళ్ళీ చివర్లో ఒక విగ్రహం. ఈసారి వాషింగ్టన్‌లో లింకన్ విగ్రహం ఉండే చోట వానర సేనాపతి కూర్చుని ఉంటాడు. పాత సినిమాలో ఏ సీన్ దగ్గర జనం ఉలిక్కిపడ్డారో ఆ సీన్లన్నిటికీ సమానంగా ఇంకో సీన్ రాసుకున్నారు. కానీ ఒక్కచోట పెద్ద దెబ్బ తిన్నారు. ఈ సినిమాలో మనుషులందరికీ మాటలు వచ్చు! మాటలొచ్చిన మనుషులను బానిసలుగా పెట్టుకున్నారంటే, అది మనకు తెలిసిన చరిత్రే. హీరో నోరు విప్పితే ఉలిక్కిపడేవాళ్ళెవరూ లేరు. కథకు ఆయువుపట్టు ఎక్కడుందో చూడకుండా బొమ్మను మాత్రం మెరుగుపరిచారు.

ఇప్పుడు 2011కి వద్దాం. రిక్ జాఫా, అమాండా సిల్వర్ అనే భార్యాభర్తలు రాశారు, రూపర్ట్ వయాట్ డైరెక్ట్ చేశారు. చింపాంజీలను ఇళ్ళల్లో పిల్లల్లా పెంచుకుని, అవి పెద్దయ్యాక పరిస్థితి చేయిదాటిన వార్తలు జాఫా చదివేవారట. కథ అక్కడ మొదలైంది. నిజానికి వానరాల తిరుగుబాటు, సీజర్ అనే నాయకుడు 1972 నాటి నాలుగో సినిమాలోనే ఉన్నారు. అక్కడ సీజర్ తల్లిదండ్రులు భవిష్యత్తు నుంచి వచ్చినవాళ్ళు. కొత్త రచయితలు ఆ కాలప్రయాణాన్ని తీసేసి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక మందుల ల్యాబ్ పెట్టారు. అల్జీమర్స్‌కి మందు కనిపెట్టాలని చూస్తున్న శాస్త్రవేత్త, మతిమరుపుతో బాధపడే ఆయన తండ్రి, ల్యాబ్‌లో తల్లిని పోగొట్టుకున్న ఒక చింపాంజీ పిల్ల. ఆ పిల్ల సీజర్.

ఇక్కడ వాళ్ళు చేసిన అసలు పని ఒకటుంది, ఇవాళ నేను చెప్పదలుచుకున్నది కూడా అదే. 1968లో ప్రేక్షకుడు బోనులో ఉన్న మనిషి పక్కన కూర్చున్నాడు. 2011లో బోనులో ఉన్న వానరం పక్కన కూర్చున్నాడు. ప్రశ్న మారలేదు. నన్ను జంతువన్నది ఎవరు, ఏ హక్కుతో అన్నారు? అదే ప్రశ్న. కూర్చునే చోటు మారేసరికి పాత సీన్లన్నీ తమంతట తామే కొత్తవైపోయాయి.

ఒక సీన్ దగ్గరగా చూద్దాం. సీజర్ పెరిగిన ఇంట్లో అటక మీద గుండ్రటి కిటికీ ఉంటుంది. దానిలోంచే వాడు లోకాన్ని చూస్తూ పెరుగుతాడు. ముసలాయన మీద చెయ్యి చేసుకున్న పక్కింటాయనను కొట్టినందుకు సీజర్‌ని జంతువుల షెల్టర్‌లో పెడతారు. రాత్రి ఒంటరిగా బోనులో కూర్చుని గోడ మీద ఆ కిటికీ బొమ్మ గీసుకుంటాడు. దానికి ఒళ్ళు ఆనించి పడుకుంటాడు. నన్ను ఇంటికి తీసుకుపోతారని ఎదురుచూస్తాడు. ఎవరూ తీసుకుపోరు. ఒకరోజు ఆ బొమ్మను చేత్తో తుడిచేస్తాడు. ఒక్క మాట లేదు. ‘ఇక నాకు ఆ ఇల్లు లేదు’ అని ఏ పాత్రా చెప్పదు. ఆ గుండ్రటి గుర్తు తరువాతి సినిమాల్లో సీజర్ జెండా అయింది. 2024లో వచ్చిన నాలుగో సినిమాలో, సీజర్ పోయి తరాలు గడిచాక, దాన్ని ఒక ఒరంగుటాన్ మెడలో వేసుకుని తిరుగుతుంటుంది. ఆ గుర్తు ఎక్కడిదో చాలా వానరాలు మరిచిపోయాయి కూడా. ఒక పిల్లాడి ఇంటిబెంగ మతచిహ్నం అయిపోయింది. ఇలాంటిది రాయగలిగితే ఫ్రాంచైజీ నడవడానికి ఇంకేం కావాలి?

ఇక ఆ తిట్టు సంగతి. షెల్టర్‌లో కాపలావాడు కరెంటు కర్రతో సీజర్‌ని కొట్టబోతాడు. సీజర్ అతని చెయ్యి పట్టుకుంటాడు. కాపలావాడు 1968లో హెస్టన్ అన్న మాటే దాదాపు అలాగే అంటాడు. పాత అభిమాని మురిసిపోతాడు, సరే. ఆ మరుక్షణం సీజర్ లేచి నిలబడి, “నో!” అని అరుస్తాడు. పాత సినిమాలో మనిషి నోరు విప్పిన చోట ఇక్కడ వానరం నోరు విప్పింది. పాత డైలాగ్ తెలిసినవాడికి రెండు దెబ్బలు, తెలియనివాడికి ఒకటే దెబ్బ, కానీ అదీ గట్టిదే.

మన తెలుగువాళ్ళ సంగతి ఇక్కడ వేరుగా చెప్పుకోవాలి. వానరుడు మాట్లాడితే మనం ఆశ్చర్యపోం. కిష్కింధకాండలో హనుమంతుడు మొదటిసారి మాట్లాడగానే, వేదాలు చదవనివాడు, వ్యాకరణం తెలియనివాడు ఇలా మాట్లాడలేడని రాముడు లక్ష్మణుడితో అంటాడు. మాట నేర్చిన వానరుణ్ణి చూస్తూ పెరిగిన మనకు కూడా ఆ సీన్‌లో ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే, సీజర్ నోట వచ్చిన మొదటి మాట ప్రభువుకి చేసే విన్నపం కాదు, ధిక్కారం. మీరు మన ప్రేక్షకుల కోసం ఇలాంటి కథ రాస్తే ఈ తేడా గుర్తుంచుకోవాలి. అక్కడివాళ్ళు దేనికి ఉలిక్కిపడతారో దానికే మనమూ ఉలిక్కిపడాలని లేదు.

సాంకేతికత గురించి కొంచెం. సీజర్‌గా నటించింది ఆండీ సెర్కిస్. వేటా అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ ఆయన ముఖకవళికలను తలకు తగిలించిన చిన్న కెమెరాతో పట్టుకుని సీజర్ ముఖానికి ఇచ్చింది. అంతకు ముందు మోకాప్, అంటే నటుడి కదలికలను ఇలా పట్టుకునే పద్ధతి, ఎక్కువగా ప్రత్యేకంగా కట్టిన స్టేజీలోనే జరిగేది. వీళ్ళు దాన్ని మామూలు సెట్లలోకి, ఎండలోకి తెచ్చారు. ఎందుకు తేవాల్సి వచ్చిందంటే, ఎదుట నిలబడ్డ నటుడు సీజర్ కళ్ళలోకి చూడాలి. ప్రేక్షకుణ్ణి వానరం పక్కన కూర్చోబెట్టాలని కథ అడిగింది కాబట్టి ఆ పరికరం వచ్చింది. ఇవాళ మన అన్నపూర్ణ స్టూడియోస్‌లో కూడా మోకాప్ ల్యాబ్ ఉంది. కానీ ల్యాబ్ ఉంది కదా అని కథ వెతుక్కుంటే 2001 సినిమాలాంటిదే వస్తుంది. ఇంకో సంగతి. 2011 నుంచి వచ్చిన నాలుగు ఏప్స్ సినిమాలూ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్‌కి నామినేట్ అయ్యాయి. ఒక్కదానికీ రాలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పాత సినిమాను గౌరవించడం ఎలాగో కూడా ఈ సినిమాను చూసి నేర్చుకోవచ్చు. షెల్టర్‌లో ఆ కాపలావాడి పేరు డాడ్జ్ లాండన్. 1968లో టేలర్‌తో కూలిన ఇద్దరు వ్యోమగాముల పేర్లు డాడ్జ్, లాండన్. సీజర్ తల్లి పేరు బ్రైట్ ఐస్. పాత సినిమాలో వానర శాస్త్రవేత్త టేలర్‌ని ముద్దుగా పిలిచిన పేరది. న్యూస్‌పేపర్‌లో అంతరిక్ష నౌక ఒకటి తప్పిపోయినట్టు ఓ క్షణం కనబడుతుంది. ఇవేవీ తెలియకపోయినా కథలో ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోదు. ఈ మధ్య చాలా రీబూట్లలో పాత నటుడు తలుపు తీసుకుని లోపలికి రాగానే కథ ఆగిపోతుంది, చప్పట్లకు చోటిస్తుంది. అది రాయకండి. పాత సినిమా చూడని పద్దెనిమిదేళ్ళ పిల్ల హాల్లో బిత్తరపోయి చూస్తుంటుంది. మీరు ఆ పిల్ల కోసం కదా రీబూట్ చేస్తున్నది!

భయం సంగతి. 1968లో బాంబు. 2011లో ల్యాబ్. సీజర్‌కి తెలివినిచ్చిన మందునే ఇంకా బలంగా తయారుచేస్తే, అది మనుషులకు ప్రాణాంతకమైన వైరస్ అవుతుంది. సినిమా చివర్లో ఒక పైలట్ ముక్కులోంచి రక్తం కారుతుండగా విమానాశ్రయంలో నడుస్తాడు. టైటిల్స్ పడుతుంటే ప్రపంచపటం మీద విమానాల దారులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గీతలుగా పాకిపోతుంటాయి. 2011లో ఆ గీతలను మనం తరువాతి భాగానికి లీడ్‌గా చూశాం. 2020 తరువాత చూస్తే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ఉన్న ఊరు మనది. కోవిడ్ టీకా తయారైన ఊరు. మందు మనకు ప్రాణం పోసింది. ల్యాబ్ మీద అనుమానం, ల్యాబ్ మీద నమ్మకం రెండూ కలిసి ఉన్న ఇలాంటి ఊరి నుంచి ఒక కథ రావాలని నా కోరిక.

కూర్చునే చోటు మార్చడం అన్నది ఒక్క ఏప్స్‌తోనే అయ్యే పనా అని మీరు అడగొచ్చు. జపాన్ సినిమాల్లోని రాకాసి జంతువు గాడ్జిల్లాని చూడండి. 1954 మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షిస్తే, ఆ బూడిద లక్కీ డ్రాగన్ అనే జపాన్ చేపల పడవ మీద పడింది. ఆ ఏడాది నవంబరులో ఇషిరో హోండా సినిమా వచ్చింది. సముద్రంలో ఒక వెలుగు, ఒక ఓడ కాలిపోవడంతో మొదలవుతుంది. చూసినవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1998లో హాలీవుడ్‌వాళ్ళు తీసినదాంట్లో న్యూయార్క్‌లో పరిగెత్తే పెద్ద బల్లి తప్ప ఆ బాధ లేదు. హక్కులున్న టోహో కంపెనీయే తరువాత 2004 సినిమాలో తమ గాడ్జిల్లా చేత ఆ బల్లిని చంపించేసింది. 2016లో ‘షిన్ గాడ్జిల్లా’ ప్రేక్షకుణ్ణి ప్రభుత్వ మీటింగుల్లో కూర్చోబెట్టింది. ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోతుంటుంది, బయట ఊరు కూలుతుంటుంది. ఫుకుషిమా అణు ప్రమాదం చూసిన జనానికి అంతకంటే దగ్గరి సినిమా ఏముంటుంది? 2023లో ‘గాడ్జిల్లా మైనస్ వన్’ ఇంకో చోటుకు పోయింది. ప్రాణమివ్వాల్సిన చోట ఇవ్వలేక వెనక్కి వచ్చిన ఒక యుద్ధ పైలట్ పక్కన కూర్చుంది. ప్రభుత్వం చేతులెత్తేస్తే మామూలు జనం పడవలేసుకుని వెళ్తారు. 35 మంది కళాకారులు 610 విజువల్ ఎఫెక్ట్స్ షాట్లు చేశారు. దర్శకుడు తకాషి యమజాకీయే ఎఫెక్ట్స్ పర్యవేక్షకుడు కూడా. ఏప్స్‌కి రాని ఆ ఆస్కార్ వీళ్ళకు వచ్చింది. అదే జంతువు, మూడు సినిమాలు, మూడు కుర్చీలు.

టెర్మినేటర్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 1984లో మనల్ని తరిమిన యంత్రమే 1991లో మన పక్కకొచ్చి నిలబడింది. అందుకే రెండోదాన్ని అందరూ ప్రేమించారు. తరువాత వచ్చిన నాలుగింటిలో అంతటి మార్పు నాకు కనబడలేదు. కృత్రిమ మేధ ఇంటింటికీ వచ్చిన ఈ కాలంలో ఆ కథ నడవకపోవడం చూస్తే నాకు చాలా వెలితిగా ఉంటుంది.

మన దగ్గర ఇది సాధ్యమేనా? స్టార్ ముఖం కనబడకుండా సినిమా నడుస్తుందా? ‘ఈగ’ 2012లో వచ్చింది. కథ ఇంకా వేగం అందుకోకముందే హీరో చచ్చిపోతాడు. తరువాత ఉన్నది మాట రాని ఈగ. ఆ ఈగ, అమ్మాయి కన్నీటి చుక్కతో బల్ల మీద తన పేరు రాస్తుంది. జనం ఆ ఈగ పక్కన కూర్చుని ఈలలు వేశారు. మన ప్రేక్షకుడికి అలవాటు లేదని ఏ నిర్మాతైనా అంటే ఈ సినిమా పేరు చెప్పండి.

ఇక మన సొంత సైన్స్ ఫిక్షన్ క్లాసిక్. ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో తీశారు. జంధ్యాలగారు మాటలు, ఇళయరాజాగారు సంగీతం. 2025 ఏప్రిల్‌లో 4కేలో మళ్ళీ విడుదల చేశారు కాబట్టి మీలో చాలామంది హాల్లోనే చూసి ఉంటారు. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న రాయల కాలపు వజ్రం మీద ఒక దొంగ కన్ను పడుతుంది. టైమ్ మెషీన్ ఎక్కినవాళ్ళు 1526లో కృష్ణదేవరాయల కొలువుకి పోతారు. తరువాత 2504కి పోతారు. అక్కడ భూమ్మీద రేడియేషన్, జనం నేల కింద బతుకుతుంటారు. రాయల కాలం మీద మనకున్న ప్రేమ, అణుయుద్ధం మీద ఉన్న భయం, రెండూ ఒకే సినిమాలో పెట్టడం సింగీతంగారికే చెల్లింది. ‘కల్కి 2898 ఏడీ’కి ఆయన్నే మార్గదర్శిగా పెట్టుకున్నారు. గంగలో నీళ్ళింకిపోయిన కాశీని ఆ సినిమాలో చూసి మన జనం ఒప్పుకున్నారు కూడా. అంటే దూరపు భవిష్యత్తు మనకు కొత్త కాదు.

దీన్ని ఇవాళ మళ్ళీ తీయాలంటే అందరూ చెప్పే లైన్ ఒకటే. అదే మెషీన్, ఇంకా పెద్ద రాయల దర్బారు, ఇంకా మెరిసే 2504. నేనైతే కుర్చీ మారుస్తాను. పాత సినిమాలో మనం ప్రయాణికుల పక్కన కూర్చున్నాం. వాళ్ళతో పాటు రాయలవారిని చూసి మురిసిపోయాం, 2504ని చూసి జడుసుకున్నాం. కొత్తదాంట్లో 2504 మనిషి పక్కన కూర్చోబెట్టండి. నేల కింద పుట్టి, ఆకాశాన్ని చూడని ఒక అమ్మాయి అనుకోండి. మనకు రాయలు ఎంత దూరమో ఆమెకు మనం అంత దూరం. రత్నాలు రాశులుగా పోసి అమ్మిన వీధుల గురించి మనం కథలు చెప్పుకున్నట్టే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున జనం సాయంత్రం ఊరికే గాలికి తిరిగేవారట అని ఆమె చెప్పుకుంటుంది. అలాంటి అమ్మాయి ముందు ఒక గుండ్రటి యంత్రం దిగి, దాంట్లోంచి మనం దిగుతాం. ఆమె మనల్ని దేవుళ్ళలా చూస్తుందా, నేరస్తుల్లా చూస్తుందా? నా ఉద్దేశంలో రెండూనూ. మొదటి రోజు దేవుళ్ళలా చూస్తుంది, ఎందుకు ఇలా అయిందో తెలిశాక ఇంకోలా చూస్తుంది. ఇంటర్వెల్ అక్కడ పడుతుంది.

వజ్రం కూడా ఉండాలి. దాన్ని తీసేయకండి, అది ఆ కథకు ప్రాణం. కానీ తిండికీ నీటికీ లెక్క ఉన్న చోట వజ్రానికి విలువేంటి? మ్యూజియంలో అందరూ చూడ్డానికి పెట్టిన వస్తువుని ఒకడు తన గదిలో దాచుకోవాలనుకుంటాడు. పాత సినిమాలో విలన్ అతనే. 2504లో ఆ వజ్రం స్థానంలో ఏముండాలి? విత్తనమా? మంచినీళ్ళ ఊటా? అక్కడ నాకు ఇంకా జవాబు దొరకలేదు, మీకెవరికైనా తడితే చెప్పండి.

వచ్చే వారానికి మీరు చేయాల్సిన పని ఇది. యంత్రం దిగే సీన్ ఒక్కటే రాయండి, రెండు పేజీలు చాలు. ఆ అమ్మాయి ఏం పని చేస్తుందో, చేతిలో ఏముందో, యంత్రం చప్పుడు విని ముందు ఎటు చూస్తుందో ఉండాలి. డైలాగ్ వద్దు. ప్రయాణికుల ముఖాలు ఆమెకు కనబడినంతే మనకూ కనబడాలి.

ఇక ప్రశ్నలు తీసుకుందాం. మైక్ ఆ వెనక వరుసకు ఇవ్వండి.